రంగు కవరు హామీ పత్రం కాదు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ సెంటర్‌లో గానీ, చుట్టూ ఉన్న కోయ గుంపుల్లో, లంబాడా తండాల్లో గానీ ఏ చిన్న కొట్టు ముందు నిలబడ్డా మొదట కంటికి తగిలేవి అడ్డకర్రకు వేలాడే ప్యాకెట్ల సరాలు, బల్ల మీద వరసగా పేర్చిన ప్లాస్టిక్ డబ్బాలు. బియ్యం, పప్పులు, నూనె ఎక్కడో వెనక ఉంటాయి. ముందు వరస మొత్తం ఆరేడేళ్ళ పిల్లల కళ్ళ ఎత్తుకు సర్ది ఉంటుంది. టూత్‌పేస్టు గొట్టంలా నొక్కితే తీపి జిగురు వచ్చేది ఒకటి, పాలపీకలా ఉండేది ఒకటి, వేలికి ఉంగరంలా తొడుక్కుని చప్పరించేది ఒకటి, ఈల ఊదుతూ తినేది ఒకటి, నాలుకను నీలంగా మార్చేది మరొకటి. కొన్నిటిలో చిన్న ప్లాస్టిక్ బొమ్మ వస్తుంది, కొన్నిటిలో చేతి మీద అద్దుకునే స్టిక్కరు వస్తుంది. రూపాయి నుంచి పది రూపాయల దాకా ధర. పేరుకు అన్నీ మిఠాయిలే.

ఈ సరుకు గురించి మా వైపు ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. ప్యాకెట్‌లో వచ్చేది శుభ్రమైనది, విడిగా అమ్మేది మురికి. సంతలో గంప ముందు పెట్టుకుని పల్లీపట్టీలు, నువ్వుల ఉండలు అమ్మే ముసలమ్మ దగ్గర పిల్లవాడు ఆగితే తల్లి చెయ్యి పట్టి లాగుతుంది. “అది వద్దు, దుమ్ము పడ్డది. ప్యాకెట్‌ది కొనిస్తా దా” అంటుంది. ఆ తల్లిని తప్పు పట్టలేం. పిల్లవాడికి జబ్బు చేయకూడదనే ఆమె తాపత్రయం. చదువుకున్నవాళ్ళు కూడా ఆమెకు అదే చెప్పారు. ఇదే నమ్మకం ఇంకో రూపంలో గిరిజన అభివృద్ధి సమావేశాల్లో వినబడుతుంది: అడవి సరుకు మంచిదే, దానికి ఆకర్షణీయమైన ప్యాకింగ్ లేకనే అమ్ముడుపోవడం లేదు. రెండు మాటల్లోనూ కవరుకే పెద్దపీట. కవరు ఉంటే నాణ్యత ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కవరుకు ఇంత గౌరవం దక్కకూడదని, ఈ గౌరవం వల్ల అడవి అంచున ఉన్న పిల్లలకే ఎక్కువ నష్టం జరుగుతోందని నా అభిప్రాయం.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మిఠాయి కంటికి ఇంపుగా ఉండటంలో తప్పేమీ లేదు. తెలుగువాళ్ళకు ఆ సరదా కొత్తది కాదు. పెళ్ళిసారెలో పంచదార చిలకలు పెట్టాం. హోలీకి తెలంగాణ పల్లెల్లో పిల్లల మెడలో చక్కెర పేర్లు వేశాం. నారింజ తొనల ఆకారంలో నిమ్మతొనలు చప్పరించాం. గడకర్రకు గులాబీ రంగు పాకం ముద్ద చుట్టుకుని వీధుల్లో తిరిగే బొంబాయి మిఠాయి మనిషి, పిల్లల కళ్ళెదుటే ఆ పాకాన్ని సాగదీసి గడియారం చేసి మణికట్టుకు కట్టేవాడు, పిట్టను చేసి చేతికిచ్చేవాడు. ఆ గడియారాన్ని కాసేపు చూసుకుని, పక్కవాడికి చూపించి, తర్వాత తినేసేవాళ్ళు. ఆ అందమంతా తినే వస్తువులోనే ఉండేది. కన్ను చూసిందీ, నోరు తిన్నదీ ఒకటే. చేసే చెయ్యి కూడా ఎదురుగానే ఉండేది.

ఇప్పుడు కొట్టులో వేలాడే సరుకులో ఆ సంబంధం తెగిపోయింది. అందమంతా కవరు మీద ఉంది. లోపల ఉన్నది చక్కెర, గ్లూకోజ్ పాకం. ఈ రెంటినీ కలిపి దాదాపు 150 డిగ్రీల వేడి దాకా మరిగించి, కాస్త నిమ్మ ఉప్పు, కాస్త వాసన ద్రవం, కాస్త రంగు వేసి చల్లార్చి అచ్చు పోస్తే గట్టి మిఠాయి తయారవుతుంది. మామిడిదానికీ నారింజదానికీ తేడా చుక్కల్లో ఉంటుంది. ఒక కంపెనీ సరుకుకూ ఇంకో కంపెనీ సరుకుకూ ఉన్న తేడా అంతకన్నా తక్కువ. లోపలి వస్తువులో తేడా లేనప్పుడు పోటీ అంతా బయటి కాగితం మీద జరుగుతుంది.

మొదట్లో ఆ కాగితానికి నిజమైన పని ఉండేది. చక్కెర పాకంతో చేసిన మిఠాయి గాలిలోని తేమను పీల్చుకుని జిగటగా మారుతుంది. మా వైపు శ్రావణ మాసం వానల్లో విడి మిఠాయి సగం రోజు కూడా నిలవదు. అందుకే రెండు చివర్లా మెలిపెట్టిన మైనపు కాగితం వచ్చింది. 1952లో చిత్తూరులో పుట్టిన న్యూట్రిన్ కంపెనీ మన తెలుగు నేల మీద ఆ పద్ధతితోనే ఎదిగి, దేశమంతటా మిఠాయి అమ్మింది. 2006లో అది గోద్రెజ్ చేతికి, ఆ తర్వాత హెర్షీ చేతికి వెళ్ళింది. న్యూట్రిన్ కాగితం కూడా రంగుల కాగితమే. దాని మీద కంపెనీ పేరు, సరుకు పేరు ఉండేవి, లోపల ఒక గోళీ ఉండేది. పాలపీక, ఈల, బొమ్మ అప్పటికి కవరులో దూరలేదు. తేమను ఆపే కాగితానికి నేనేమీ వ్యతిరేకిని కాను. ఈగ వాలకుండా కప్పి ఉంచాలన్న తల్లి కోరిక న్యాయమైనది. కప్పడం వేరు, హామీ ఇవ్వడం వేరు. కవరు మొదటి పని చేస్తుంది. రెండో పని కూడా చేస్తోందని మనం అనుకుంటున్నాం.

ఈ విషయంలో చట్టం ఏమంటుందో తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లకు మించకపోతే దాని మీద పదార్థాల జాబితా ముద్రించనక్కర్లేదు. బ్యాచ్ నంబరు అక్కర్లేదు. పోషకాల వివరాలు అక్కర్లేదు. 30 చదరపు సెంటీమీటర్లలోపు ఉంటే తయారీ తేదీ కూడా అక్కర్లేదు. ఆ వివరాలన్నీ టోకు ప్యాకెట్ మీద, అంటే కొట్టువాడి దగ్గరుండే డబ్బా మీద ఉంటే సరిపోతుంది. ఇప్పుడు రూపాయి మిఠాయి కవరును విప్పి కొలవండి. ఏడు సెంటీమీటర్ల పొడవు, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే 56 చదరపు సెంటీమీటర్లు. మినహాయింపులోకి హాయిగా వచ్చేస్తుంది. పిల్లవాడి చేతిలోకి వచ్చే ముక్క తనలో ఏమున్నదో చెప్పనవసరం లేదని చట్టమే ఒప్పుకుంది. కార్టూను బొమ్మకు, మెరుపు అక్షరాలకు, పండు చిత్రానికి మాత్రం ఆ 56 చదరపు సెంటీమీటర్లలో ధారాళంగా చోటు దొరికింది.

సరే, డబ్బా మీదైనా చదువుకుందామంటే అది ఏ భాషలో ఉంటుంది? ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలన్నది నిబంధన. తెలుగు వేయాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టం. ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లవాడికి, వేలిముద్ర వేసే వాళ్ళ నాయనమ్మకు ఇక కవరు మీద మిగిలిన గుర్తు ఆకుపచ్చ చుక్క ఒక్కటే. ఆ చుక్క ఇది శాకాహారమని మాత్రమే చెబుతుంది. మంచిదని చెప్పదు. మంచిదని చెబుతుందని నమ్మేవాళ్ళు ఎందరో ఉన్నారు.

పిల్లలు రంగు చూసి మోసపోతారని పెద్దలు తేలిగ్గా అనేస్తారు. మా పిల్లల విషయంలో ఈ మాట అన్యాయం. కనకగిరి గుట్టల కింద పెరిగే పిల్లలకు రంగు అంటే చదువు. తునికి పండు పచ్చగా ఉంటే వగరు, పసుపు తిరిగితే తినవచ్చు. మొర్రి పండు నల్లబడే దాకా ఆగాలి. ఈత గెల ఏ రంగుకు వస్తే కోయాలో, నేరేడు ఏ రంగులో నాలుక పీకుతుందో, పాల పండు ఎప్పుడు తీయబడుతుందో వాళ్ళకు ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. అన్నల వెంట, అక్కల వెంట తిరిగి నేర్చుకున్నారు. అడవిలో రంగు అబద్ధం చెప్పదు. పండు తన పక్వం గురించి ఇచ్చే సమాచారమే ఆ రంగు. అలా రంగును నమ్మడం అలవాటైన పిల్లల ముందు మామిడి లేని మామిడి రంగును, నేరేడు లేని నేరేడు రంగును వేలాడదీశారు. వాళ్ళకున్న తెలివినే వాళ్ళ మీదికి తిప్పారు. ఇందులో తెలివితక్కువతనం పిల్లలది కాదు.

ఇక ఆ రంగుల సంగతి. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది: పాన్‌సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్, టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ, ఫాస్ట్ గ్రీన్. మిఠాయిలో ఇవి కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. 2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరు రంగుల మిశ్రమాలను, సోడియం బెంజోయేట్‌తో కలిపి, పిల్లలకు ఇచ్చి చూశారు. వాళ్ళలో నిలకడలేనితనం పెరిగిందని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆ ఆరింటిలో నాలుగు, అంటే టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, పాన్‌సో 4ఆర్ మన జాబితాలో ఉన్నవే. 2010 జులై నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఆ ఆరు రంగుల్లో ఏది వాడినా, పిల్లల చురుకుదనం మీద, ఏకాగ్రత మీద చెడు ప్రభావం ఉండవచ్చన్న హెచ్చరికను ప్యాకెట్ మీద ముద్రించాలి. ఎరిత్రోసిన్‌కు ఇచ్చిన అనుమతిని అమెరికా 2025 జనవరిలో రద్దు చేసింది. మన దగ్గర అది ఇంకా అనుమతి ఉన్న రంగే.

దూరదేశాల మాట ఎందుకంటారేమో. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్ళ కిందటే హైదరాబాద్ పిల్లలు రోజుకు ఎంత రంగు తింటున్నారో లెక్క కట్టారు. కొందరు పిల్లల ఒంట్లోకి టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, ఎరిత్రోసిన్ సురక్షిత పరిమితిని మించి వెళ్తున్నాయని తేల్చారు. ఒక్కో మిఠాయిలో రంగు పరిమితికి లోబడే ఉండవచ్చు. చిక్కంతా పిల్లవాడు రోజుకు ఎన్ని తింటాడన్న దగ్గర వస్తుంది. రూపాయి సరుకు ఒకటితో ఆగేది కాదు. స్టిక్కర్ల వరస పూర్తి కావాలంటే ఇంకోటి కొనాలి. ఈసారి బొమ్మ రాలేదు కాబట్టి మళ్ళీ కొనాలి. ఎక్కువ తినిపించడమే ఆ కవరు పని.

విడిగా అమ్మేదంతా మంచిదని నేననడం లేదు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, ఆ వెంటనే తమిళనాడు పీచు మిఠాయిని నిషేధించాయి. బట్టలకు వేసే రోడమిన్ బి రంగు అందులో దొరికింది. మార్చిలో కర్ణాటక పీచు మిఠాయిలో కృత్రిమ రంగులను నిషేధించింది. ఆ పీచు మిఠాయి కూడా సంచిలో మూతి కట్టి అమ్మిందే. దుమ్ము పడలేదు, ఈగ వాలలేదు. విషం లోపలే ఉంది.

కవరు వేసే యంత్రం దొరకడం ఇవాళ కష్టమేమీ కాదు. హైదరాబాద్ శివార్లలో అనుమతి లేకుండా, అశుభ్రమైన చోట లాలీపాప్‌లు, చింతపండు మిఠాయిలు తయారుచేస్తున్న కేంద్రాల మీద పోలీసులు దాడులు చేసిన వార్తలు 2023లో చూశాం. ఆ సరుకు రంగు కవర్లలో చక్కగా సీలు వేసుకుని ఏ ఊరికి పోయిందో, ఏ సంతలో అమ్ముడుపోయిందో ఎవరు చెప్పగలరు? ఇంకా దారుణం 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో బయటపడింది. బడి దగ్గర్లోని దుకాణంలో గంజాయి కలిపిన చాక్లెట్లు విద్యార్థులకు అమ్ముతున్నట్టు పోలీసులు కనిపెట్టారు. పిల్లల ప్రవర్తనలో తేడా వచ్చాకే విషయం తెలిసింది. ఆ చాక్లెట్లకూ కవరు ఉంది. సరిగ్గా ఆ కవరే వాటిని బడి ముందు దాకా నడిపించింది. ఒడిశా నుంచి గంజాయి రవాణా జరిగే దారుల్లో భద్రాచలం ఒకటని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్యాకెట్ అయితే చాలని నమ్మే ఊరు ఇలాంటి సరుకుకు అనువైన ఊరు.

సరదా ఆకారాల గురించి కూడా చెప్పాలి. 2017లో ఏలూరులో చిరుతిండి ప్యాకెట్‌లో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మ గొంతులో ఇరుక్కుని నాలుగేళ్ళ బాబు చనిపోయాడు. తినే వస్తువు లోపల తినని వస్తువు పెడితే పసిపిల్లలు రెండూ నోట్లో పెట్టుకుంటారన్నది ఎవరికైనా తెలిసిన సంగతే. అమెరికా 1938లో చేసిన ఆహార చట్టంలోనే మిఠాయి లోపల తినని వస్తువు దాచి అమ్మడాన్ని నిషేధించింది. నోట్లో నొక్కుకుని ఒక్కసారి పీల్చేసే చిన్న జెల్లీ కప్పులు పిల్లల గొంతుకు అడ్డం పడుతున్నాయని యూరోపియన్ యూనియన్ 2004లో వాటి అమ్మకాన్నే ఆపేసింది. అక్కడ లోపలున్న పదార్థంతో పాటు కప్పు ఆకారాన్ని కూడా తప్పు పట్టారన్నది గమనించాలి. తెల్లటి పుల్లకు చివర ఎర్ర రంగు పూసి సిగరెట్టులా అమ్మే మిఠాయి ఇంకొకటి. పొగాకు నియంత్రణ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కుదిర్చిన ఒప్పందం 16వ అధికరణం, పొగాకు వస్తువుల ఆకారంలో పిల్లలకు మిఠాయిలు, బొమ్మలు చేసి అమ్మడాన్ని ఆపాలని చెబుతుంది. మన దేశం ఆ ఒప్పందాన్ని 2004 ఫిబ్రవరిలో ఆమోదించింది. బీడీ ఆకు ఏరే ఊళ్ళలో, ఇంటి పెద్దల దగ్గు రోజూ వింటూ పెరిగే పిల్లల చేతికి సిగరెట్టు ఆకారం అందించడాన్ని సరదా అనడానికి నాకు నోరు రాదు.

తిన్నాక ఏమవుతుందో ఎవరూ అడగరు. బొంబాయి మిఠాయి గడియారం కడుపులోకి పోయేది, చేతికి జిగురు మిగిలేది. ఈ సరుకు తిన్నాక కవరు మిగులుతుంది. పైన మెరిసే అచ్చు, మధ్యలో అల్యూమినియం పూత, లోపల ప్లాస్టిక్ పొర. వీటిని విడదీయడం కుదరదు కాబట్టి ఏ పాత సామాన్ల వ్యాపారీ కొనడు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు మళ్ళీ వాడుకోవడానికి పనికిరాని ఇలాంటి పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్ళలో పూర్తిగా ఆపాలన్నాయి. 2018 మార్చిలో ఆ మాటను సవరించారు. కాల్చి వేడి తీయడానికి గానీ, మరో పనికి గానీ పనికొస్తే ఉండవచ్చన్నారు. 2022 జులై 1 నుంచి మిఠాయి పుల్లల్లో ప్లాస్టిక్‌ను, మిఠాయి డబ్బాలకు చుట్టే పలచటి ప్లాస్టిక్ పొరను నిషేధించారు. మంచిదే. పుల్ల పోయింది, కవరు ఉండిపోయింది. మా వైపు ఆ కవర్లు బడి వెనక, చెలమల పక్కన, పశువులు మేసే బీళ్ళలో పోగుపడుతున్నాయి. పంచాయతీ చెత్త బండి వచ్చే ఊళ్ళలో కూడా చివరికి వాటికి నిప్పే గతి అవుతోంది. ఆ పొగ పీల్చేదీ ఈ పిల్లలే.

నా మాటకు ఎదురుగా మూడు వాదాలు వస్తాయని తెలుసు. పిల్లల చిన్న సంతోషాన్ని ఎందుకు చెడగొడతావంటారు. సంతోషం నాకూ కావాలి. ఆ సంతోషం దేనితో కలిపి అమ్ముతున్నారో తల్లిదండ్రులకు తెలియాలని మాత్రమే అడుగుతున్నాను. తల్లిదండ్రులే జాగ్రత్తపడాలి కదా అంటారు. తునికాకు కాలంలో తెల్లవారక ముందే అడవికి వెళ్ళి, ఆకు కోసి, మధ్యాహ్నం కట్టలు కట్టి, కల్లానికి చేర్చి వచ్చే తల్లి, పొద్దున ఇంట్లో పిల్లవాడి చేతిలో పది రూపాయలు పెట్టి వెళ్తుంది. అది ఆమె ప్రేమ. ముద్రించని వివరాన్ని, తనకు రాని భాషలో, తన ముందు లేని డబ్బా మీద చదివి జాగ్రత్తపడమని ఆమెకు చెప్పడం సిగ్గులేని సలహా.

మూడో వాదం అభివృద్ధి కోరేవాళ్ళది. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. అడవి సరుకుకు, చిరుధాన్యాల తిండికి మంచి కవరు వేస్తే గిరిజన మహిళలకు ఆదాయం వస్తుందని వాళ్ళ మాట. నిజంగానే వస్తోంది. భద్రాచలంలో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అండతో మహిళలు చేసే చిరుధాన్యాల బిస్కెట్ల గురించి 2025 జూన్‌లో ప్రధాని తన మన్ కీ బాత్ ప్రసంగంలో ప్రస్తావించారు. ఆ మహిళల శ్రమకు నా నమస్కారం. అయితే ఇక్కడ చట్టం ఎవరి మీద ఎంత బరువు పెడుతోందో చూడండి. బిస్కెట్ల పెట్టె ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్ల కన్నా పెద్దది. కాబట్టి ఏమేమి కలిపారు, ఎప్పుడు చేశారు, ఎవరు చేశారు, పోషకాలు ఎన్ని అన్నీ ముద్రించాలి. ముద్రిస్తున్నారు. చెప్పుకోవడానికి మంచి ఉన్నవాళ్ళు అన్నీ చెబుతున్నారు. చెప్పుకోవడానికి ఏమీ లేని రంగు మిఠాయికి నోరు మూసుకునే హక్కు ఉంది. కొట్టులో ఈ రెండూ పక్కపక్కన పెడితే పిల్లవాడి చెయ్యి ఎటు పోతుంది? మంచి సరుకు కూడా మెరుపు కవరు వేసుకుని పోటీ పడాలనడం దీనికి జవాబు కాదు. ఆ పోటీలో జొన్న, రాగి, ఇప్పపువ్వు ఎప్పటికీ గెలవవు. అక్కడ కొలిచేది మెరుపునే. ఆ మెరుపు వెనక దాక్కున్న సరుకు చేత కూడా నిజం చెప్పించినప్పుడే మంచి సరుకుకు న్యాయం జరుగుతుంది.

ఇది కుదరని కోరిక కాదు. చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువైన తిండి ప్యాకెట్ల మీద నల్లటి అష్టభుజి ముద్ర తప్పనిసరి చేసింది. అలాంటి వాటి మీద పిల్లలను పిలిచే కార్టూను బొమ్మలను తీయించింది. మన సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ప్యాకెట్ ముందువైపు హెచ్చరిక గుర్తుల సంగతి త్వరగా తేల్చమని చెప్పింది. 2024లో పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ప్యాకెట్ మీది మాటలు తప్పుదోవ పట్టించవచ్చని స్పష్టంగా హెచ్చరించాయి. రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే ఏమి చేయగలదో కూడా చూశాం. 2024 అక్టోబరులో పచ్చి గుడ్ల మయోనైజ్‌ను తెలంగాణ ఏడాదిపాటు నిషేధించింది. ఆ అధికారం 2006 ఆహార భద్రత చట్టంలోనే ఉంది. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువైన తిండి అమ్మకూడదని 2020 నిబంధన ఒకటి ఇప్పటికే ఉంది. మండలంలో ఏ బడి ముందైనా అడుగులు వేసి కొలిచి చూడండి. ఆ 50 మీటర్లలోనే సరాలు వేలాడుతుంటాయి.

మా మండలంలో షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి వచ్చే ఊళ్ళకు ఇంకో బలం ఉంది. 1996 పెసా చట్టం ఊరి సంతల నిర్వహణ అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. సంతలో, కొట్టులో మిఠాయి డబ్బాను వివరాలున్న వైపు కొనేవాళ్ళకు కనబడేలా తిప్పి పెట్టాలని, అందులో ఏమున్నదో తెలుగులో రాసిన చీటీ అంటించాలని, బడి ముందు అమ్మకూడదని గ్రామసభ తీర్మానం చేయవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. పల్లీపట్టీ అమ్మే ముసలమ్మకు ఒక అద్దాల పెట్టె, ఒక మూత ఇప్పించడానికి మాత్రం కొంచెం ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టదగినది. పల్లీ, నువ్వులు, బెల్లం తప్ప వేరే ఏమీ లేని ఆమె సరుకుకు కావలసింది దుమ్ము పడకుండా ఒక కప్పు మాత్రమే.

కేంద్ర ఆహార భద్రత సంస్థను అడగవలసినవి మూడు. 100 చదరపు సెంటీమీటర్ల మినహాయింపు పిల్లల మిఠాయిలకు వర్తించకూడదు. కార్టూనుకు చోటున్న కవరు మీద పదార్థాలకు కూడా చోటుంటుంది. ఆ పదార్థాలు అమ్మే రాష్ట్రం భాషలో ఉండాలి. బొమ్మలు, స్టిక్కర్లు తిండితో కలిపి అమ్మడం ఆపాలి.

అది జరిగే దాకా ఊళ్ళో మనం చేయగలిగినది ఒకటుంది. ఈసారి పిల్లవాడు రంగు కవరు చూపించి అడిగితే కొట్టువాణ్ణి డబ్బా తిప్పి చూపించమనండి. ఇంగ్లీషు చదివే పిల్ల ఎవరైనా ఊళ్ళో ఉంటుంది, ఆమె చేత చదివించండి. 102, 110, 122, 124, 127 అన్న అంకెలు కనబడితే అవి పైన చెప్పిన రంగులే. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని డబ్బాను ఊళ్ళోకి తేవద్దని కొట్టువాడికి నలుగురూ కలిసి చెప్పండి.